నాడి పట్టిన చేతులతోనే ల్యాబ్‌కు పునాది వేసిన హకీం అజ్మల్ ఖాన్

గుండె కొట్టుకునే తీరులో దాగి ఉన్న ఒక జబ్బును పట్టుకోవడానికి యూరప్ ఆస్పత్రుల్లో డాక్టర్లు వాడే మందు ఒకటి ఉంది. దాని పేరు అజ్మలీన్. బ్రుగాడా సిండ్రోమ్ అనే ఆ జబ్బు చాలామందిలో పైకి కనిపించదు. మనిషి ఆరోగ్యంగా తిరుగుతూనే ఉంటాడు, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోవచ్చు. అనుమానం ఉన్నవాళ్లకు ఈ మందు నరంలోకి ఎక్కిస్తూ ఈసీజీ తీస్తే, అప్పటిదాకా దాక్కున్న తేడా గీతల్లో బయటపడుతుంది.

ఆ మందుకు పేరు ఢిల్లీ నుంచి వచ్చింది. బల్లీమారాన్ గల్లీలో నాడి పట్టి వైద్యం చేసిన హకీం అజ్మల్ ఖాన్ పేరు అది. ఆయన ఆ మందును కళ్లతో చూడలేదు. ఆయన చనిపోయిన నాలుగేళ్లకు గానీ అది లోకానికి తెలియలేదు. కానీ అది పుట్టడానికి కావలసిన కాలేజీ, పైసలు, చదువుకున్న మనిషి, ఈ మూడింటి వెనకా ఆయనే ఉన్నారు.

ఆయన పుట్టిన రోజు ఫిబ్రవరి 11ను దేశమంతా యునాని దినోత్సవంగా జరుపుకుంటోంది. 2017లో మొదటి యునాని దినోత్సవం జరిగింది మన హైదరాబాద్‌లోనే, ఎర్రగడ్డలోని కేంద్ర యునాని పరిశోధన సంస్థలో. ఆ రోజు వేదికల మీద ఆయన్ను ఎక్కువగా స్వాతంత్ర్య సమరయోధుడిగా, కాంగ్రెస్ అధ్యక్షుడిగా తలుచుకుంటారు. అది నిజమే. అయితే వైద్యంలో వేర్వేరు విద్యలను ఒకే గోడల మధ్యకు తెచ్చి, వాటితో పరిశోధన చేయించాలని జీవితమంతా తాపత్రయపడిన మనిషి కథ అంతగా వినబడదు.

శరీఫ్ మంజిల్ పిల్లవాడు

అజ్మల్ ఖాన్ 1868లో ఢిల్లీలో పుట్టారు. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ ఇంకా పూర్తిగా కోలుకోని రోజులవి. మొగల్ దర్బారు పోయింది. దర్బారును నమ్ముకున్న కవులు, పండితులు, హకీంలు చెల్లాచెదురయ్యారు. వీళ్ల కుటుంబం మాత్రం నిలబడింది. బాబర్ కాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చిన పూర్వీకుల వంశం వాళ్లది. షా ఆలం కాలంలో పేరు మోసిన హకీం శరీఫ్ ఖాన్ పేరు మీదే ఆ కుటుంబాన్ని శరీఫీ ఖాందాన్ అంటారు, బల్లీమారాన్‌లోని వాళ్ల ఇంటిని శరీఫ్ మంజిల్ అంటారు.

ఆ ఇంట్లో వైద్యం అంటే వ్యాపారం కాదు, వంశ గౌరవం. ఢిల్లీలో తమ దగ్గరికి వచ్చిన రోగి దగ్గర ఫీజు తీసుకోకపోవడం ఆ ఇంటి ఆనవాయితీ. అజ్మల్ ఖాన్ కూడా దాన్ని పాటించారు. ఢిల్లీ దాటి రాజుల దగ్గరికి, నవాబుల దగ్గరికి వెళ్తే మాత్రం రోజుకు 1000 రూపాయలు తీసుకునేవారని చెబుతారు. ఆ కాలంలో అది చాలా పెద్ద మొత్తం. ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి ఊరకే చూసే లెక్క అది. ఆ లెక్క తర్వాత రోజుల్లో కాలేజీలు నడపడంలోనూ కనిపిస్తుంది.

చిన్నప్పుడే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. అరబీ, ఫార్సీ చదివారు. వైద్యం తండ్రి హకీం మహమూద్ ఖాన్ దగ్గర, పెద్దన్న హకీం అబ్దుల్ మజీద్ ఖాన్ దగ్గర నేర్చుకున్నారు. షైదా అనే కలం పేరుతో ఉర్దూలో, ఫార్సీలో కవిత్వం కూడా రాసేవారు.

యునాని వైద్యంలో మనిషి శరీరాన్ని రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాల లెక్కలో చూస్తారు. ఒక్కొక్కరి మిజాజ్ ఒక్కో రకం. అది ఎక్కడ తప్పిందో నాడి చూసి, మూత్రం చూసి, మాట తీరు చూసి హకీం తెలుసుకోవాలి. గ్రీకుల దగ్గర మొదలై, అరబ్బుల చేతుల్లో పెరిగి, ఇబ్న్ సీనా రాసిన అల్ ఖానూన్ లాంటి గ్రంథాలతో ఈ విద్య మన దేశానికి వచ్చింది. ఇక్కడి మూలికలతో, ఇక్కడి వైద్యుల అనుభవంతో ఇంకా పెరిగింది.

కానీ దానికి ఒక జబ్బు కూడా పట్టింది. మంచి నుస్ఖా ఏదైనా ఒక కుటుంబం చేతిలో రహస్యంగా ఉండిపోయేది. తండ్రి కొడుక్కి చెప్పేవాడు, గురువు ఇష్టమైన శిష్యుడికి చెప్పేవాడు. చెప్పకుండానే పోతే నుస్ఖా కూడా మనిషితో పాటే మట్టిలో కలిసిపోయేది. మందు పనిచేసిందా, ఎందుకు పనిచేసింది, ఎంత మోతాదు దాటితే హాని చేస్తుంది అని పదిమంది కూర్చుని పరీక్షించే పద్ధతి లేదు. అజ్మల్ ఖాన్ జీవితకాలం పోరాడింది ఈ జబ్బుతోనే.

రాంపూర్ నుంచి మళ్లీ ఢిల్లీకి

1892లో, 24 ఏళ్ల వయసులో ఆయన రాంపూర్ నవాబు దగ్గర ప్రధాన హకీంగా చేరారు. రాంపూర్‌లో గొప్ప గ్రంథాలయం ఉంది. అరబీ, ఫార్సీ చేతిరాత పుస్తకాలు వేల సంఖ్యలో ఉండేవి. ఆ గ్రంథాలయం బాగోగులు కూడా ఆయన చూశారు. పాత వైద్య గ్రంథాలను తిరగేసే అవకాశం అక్కడ దొరికింది. దేశంలో ప్లేగు ప్రబలిన రోజుల్లో ఆ జబ్బు గురించి ఒక పుస్తకం కూడా రాశారు.

ఇటు ఢిల్లీలో పెద్దన్న అబ్దుల్ మజీద్ ఖాన్ 1880ల్లోనే మదర్సా తిబ్బియా అనే వైద్య పాఠశాల మొదలుపెట్టారు. ఇంట్లో తండ్రి కొడుక్కి నేర్పే విద్యను తరగతి గదిలోకి, పరీక్షల్లోకి, సర్టిఫికెట్‌లోకి తెచ్చిన మొదటి ప్రయత్నాల్లో అది ఒకటి. 1901లో ఆయన చనిపోయారు. కొన్నేళ్లకే రెండో అన్న వాసిల్ ఖాన్ కూడా పోయారు. ఇంటి బాధ్యత, మదర్సా బాధ్యత రెండూ అందరికంటే చిన్నవాడైన అజ్మల్ ఖాన్ భుజాల మీద పడ్డాయి.

అప్పటికి మదర్సాకు విద్యార్థులు ఉన్నారు, పేరు ఉంది. లేనిది స్థిరమైన ఆదాయం. చందాల మీద నడిచే సంస్థ ఎన్నాళ్లు బతుకుతుంది? దాతకు కోపం వస్తే చందా ఆగుతుంది, దాత చనిపోతే వారసుడు గుర్తుంచుకోడు. ఈ సంగతి ఆయనకు బాగా అర్థమైంది.

కాలేజీకి ఆదాయం తెచ్చిన దవాఖానా

1905లో ఢిల్లీలో మందుల తయారీ సంస్థ మొదలైంది. అదే హిందుస్తానీ దవాఖానా. అప్పట్లో బజారులో మూలికలు కొంటే కల్తీ లేని సరుకు దొరకడం కష్టం. హకీం చీటీలో రాసింది ఒకటి, అత్తార్ దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చేది ఒకటి. మందు పనిచేయకపోతే చెడ్డపేరు హకీంకు, యునానికి వచ్చేది. సరైన సరుకుతో, ఒకే పద్ధతిలో మందు తయారు చేసి అమ్మితే రోగికి మేలు, వైద్యానికి పరువు.

ఇక్కడ అజ్మల్ ఖాన్ చేసిన ముఖ్యమైన పని ఏమిటంటే, ఆ దవాఖానా లాభాన్ని తన ఇంటికి తీసుకుపోలేదు. ఆదాయం వైద్య విద్యకే చెందేలా కాలేజీ పేరుకు ఇచ్చేశారు. మందులు అమ్మగా వచ్చిన డబ్బు వైద్యం నేర్పడానికి, నేర్చుకున్నవాళ్ల జ్ఞానం మళ్లీ మంచి మందుల తయారీకి. ఇప్పుడు యూనివర్సిటీలు, మందుల కంపెనీలు కలిసి చేయాలనుకుంటున్న పనిని ఆయన నూరేళ్ల కిందటే పాత ఢిల్లీలో చేసి చూపించారు.

ఆ దవాఖానాలో పనిచేసిన హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1906లో సొంతంగా ఒక చిన్న దుకాణం తెరిచారు. అదే హమ్‌దర్ద్. రంజాన్ ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద రూహ్ అఫ్జా లేని ఇల్లు మన పాతబస్తీలో అరుదు. ఆ హమ్‌దర్ద్ సంపాదన నుంచే తర్వాతి తరంలో ఢిల్లీలో జామియా హమ్‌దర్ద్ యూనివర్సిటీ వచ్చింది. వైద్యం మీద వచ్చిన డబ్బు చదువుకు పోవాలనే అలవాటు అలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకింది.

చట్టంతో వచ్చిన ముప్పు

1910 ప్రాంతంలో దేశీ వైద్యులకు గట్టి దెబ్బ తగిలే సూచనలు కనిపించాయి. బొంబాయి ప్రభుత్వం వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చే పనిలో పడింది. పాశ్చాత్య వైద్యం చదివినవాళ్లకే గుర్తింపు. హకీంలు, వైద్యులు తరతరాలుగా జనానికి చికిత్స చేస్తున్నా సర్కారు పుస్తకాల్లో వాళ్లకు చోటు లేదు. 1912లో ఆ చట్టం రానే వచ్చింది.

అజ్మల్ ఖాన్ దీన్ని హకీంల సమస్యగా మాత్రమే చూడలేదు. ఆయుర్వేద వైద్యులను కలుపుకున్నారు. 1910లో ఢిల్లీలో ఆయుర్వేద, యునాని వైద్యుల అఖిల భారత సమావేశం ఏర్పాటు చేశారు. ముస్లిం హకీం, హిందూ వైద్యుడు ఒకే వేదిక మీద కూర్చుని తమ విద్యను కాపాడుకోవడం గురించి మాట్లాడారు.

దీనికి సొంతవాళ్ల నుంచే వ్యతిరేకత వచ్చింది. లక్నోలో అజీజీ కుటుంబం హకీంలు అంటే అప్పటికే పెద్ద పేరు. 1902లో వాళ్లు తక్మీలుత్ తిబ్ కాలేజీ పెట్టారు. యునాని స్వచ్ఛంగా ఉండాలి, ఆయుర్వేదంతో కలిపితే దాని సొంత రూపం పోతుందని వాళ్ల వాదన. ఆ భయం పూర్తిగా తప్పని కూడా అనలేం. రెండు విద్యలను తొందరపడి కలిపితే రెండూ చెడే ప్రమాదం ఉంటుంది. ఢిల్లీ దారి వేరు. ఎవరి విద్య వాళ్లు లోతుగా చదవాలి, కానీ పక్క గదిలో ఇంకొకరు ఏం చదువుతున్నారో కూడా తెలియాలి. తెలిసినంత మాత్రాన తన విద్య పోదు అన్నది అజ్మల్ ఖాన్ నమ్మకం.

1909లో ఆడవాళ్ల కోసం కూడా ఒక విభాగం తెరిచారు. పరదా పాటించే ఇళ్లలో స్త్రీలు మగ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. కాన్పు అంటే గల్లీలోని దాయమ్మే దిక్కు. ఆమెకు చేతి అనుభవం ఉంటుంది గానీ శుభ్రత గురించి, బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేయాలి అనే దాని గురించి చెప్పినవాళ్లు ఉండరు. అందుకే దాయీలకు శిక్షణ, స్త్రీలకు చికిత్స నేర్పే బడి పెట్టారు. పెద్ద ఇళ్ల పెద్దమనిషి ఒకరు దాయీల చదువును వైద్య విద్యలో భాగంగా చూడటం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

లండన్ ఆస్పత్రిలో ఢిల్లీ హకీం

1911లో ఆయన యూరప్ వెళ్లారు. లండన్, పారిస్, బెర్లిన్, వియన్నా చూశారు. తిరుగు దారిలో ఇస్తాంబుల్, కైరో కూడా వెళ్లారు. ఆ ప్రయాణం ముఖ్యంగా ఆస్పత్రులు, వైద్య కళాశాలలు, గ్రంథాలయాలు చూడటానికే ఉపయోగపడింది.

లండన్ ఛేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో అప్పుడు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ పనిచేస్తున్నారు. ఆయన కుటుంబానికి హైదరాబాద్‌తో సంబంధం ఉంది. ఆయన మద్రాసులో వైద్యం చదివి ఇంగ్లండ్ వెళ్లారు. అన్సారీ ద్వారా అజ్మల్ ఖాన్‌కు అక్కడి పెద్ద సర్జన్ స్టాన్లీ బాయిడ్ పరిచయమయ్యారు. అప్పుడు జరిగిందని ఒక సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక రోగికి పిత్తాశయంలో సమస్య అని సర్జన్ అనుకున్నారు. నాడి, పొట్ట చూసిన హకీం సాబ్ పేగు మొదట్లో పుండు ఉందన్నారు. ఆపరేషన్ చేసి చూస్తే హకీం సాబ్ చెప్పిందే నిజమైంది.

ఈ కథ చెప్పేవాళ్లు మన హకీం గెలిచాడని చెప్పి ఆగిపోతారు. అజ్మల్ ఖాన్ అక్కడ ఆగలేదు. నాడి చెప్పిన మాట నిజమో కాదో చివరికి తేల్చింది సర్జన్ కత్తే కదా. లోపల కోసి చూసే విద్య లేకపోతే హకీం మాట రుజువయ్యేది కాదు. యూరప్ నుంచి తిరిగి వచ్చాక ఆయన కట్టిన కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రానికి, శస్త్రచికిత్సకు చోటు దొరికింది. అన్సారీ కూడా దేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డారు. ఒకరు అలోపతి డాక్టరు, ఒకరు యునాని హకీం. చివరిదాకా ఇద్దరూ ఒకరికొకరు తోడుగా నిలిచారు.

కరోల్ బాగ్‌లో కాలేజీ

1916 మార్చి 29న ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఆయుర్వేద, యునాని తిబ్బియా కాలేజీకి వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ శంకుస్థాపన చేశారు. రాజులు, నవాబులు, వ్యాపారులు చందాలు ఇచ్చారు. హిందుస్తానీ దవాఖానా ఆదాయం తోడయ్యింది. 1921 ఫిబ్రవరి 13న కాలేజీని ప్రారంభించింది మహాత్మా గాంధీ. ఐదేళ్లలో దేశం ఎంత మారిందో ఈ రెండు పేర్లే చెబుతాయి. పునాది వేసింది బ్రిటిష్ వైస్రాయ్, తలుపు తెరిచింది బ్రిటిష్ వాళ్లకు సహాయ నిరాకరణ ప్రకటించిన నాయకుడు.

ఆ రోజు గాంధీజీ పొగడ్తలతో సరిపెట్టలేదు. పాశ్చాత్య శాస్త్రవేత్తల్లో ఉన్న పరిశోధన తపనను మెచ్చుకున్నారు. మన వైద్యుల్లో, హకీంల్లో అది కరువైందని, పాత సూత్రాలను ప్రశ్నించకుండా పాటిస్తూ పోతున్నారని బాధపడ్డారు. పండగ రోజున ఇంటికి వచ్చిన పెద్దమనిషి మందలించి వెళ్లినట్టు అనిపించి ఉండవచ్చు. కానీ అజ్మల్ ఖాన్ మనసులో ఉన్నది కూడా అదే. కాలేజీ కట్టడం సగం పని. ఆ కాలేజీలో కొత్త సంగతి ఒకటైనా కనిపెట్టడం మిగతా సగం. ఆ రెండో సగానికి కావలసిన మనిషి ఇంకా చదువుకుంటున్నాడు.

బిరుదులు వదిలి, యూనివర్సిటీ భారం మోసి

ఈలోగా దేశ రాజకీయాలు ఆయన్ను పూర్తిగా లాగేశాయి. 1906లో ఢాకాలో ముస్లిం లీగ్ పుట్టినప్పుడు ఆయన అక్కడ ఉన్నారు. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా ఢిల్లీలో హిందువులు, ముస్లింలు కలిసి వీధుల్లోకి వచ్చినప్పుడు ముందు నిలిచిన నాయకుల్లో ఆయన ఒకరు. సర్కారు ఇచ్చిన హాజిఖుల్ ముల్క్ బిరుదును 1920లో తిరిగి ఇచ్చేశారు. జనం ఆయనకు మసీహుల్ ముల్క్ అని మరో బిరుదు ఇచ్చుకున్నారు. 1921 డిసెంబర్‌లో చిత్తరంజన్ దాస్ జైల్లో ఉండటంతో అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభకు అజ్మల్ ఖాన్ అధ్యక్షత వహించారు.

1920 అక్టోబర్ 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. సర్కారు సొమ్ము ముట్టకుండా నడిచే యూనివర్సిటీ కావాలని కోరుకున్నవాళ్లు దాన్ని పెట్టారు. అజ్మల్ ఖాన్ దాని మొదటి ఛాన్సలర్ అయ్యారు. మొదట్లో ఖిలాఫత్ ఉద్యమం నుంచి డబ్బు వచ్చేది. 1924లో తుర్కీలో ఖలీఫా పదవే రద్దయింది. ఉద్యమం చల్లబడింది, డబ్బూ ఆగిపోయింది. జామియాను మూసేద్దామని అన్నవాళ్లు చాలామంది.

అజ్మల్ ఖాన్ ఒప్పుకోలేదు. 1925లో జామియాను అలీగఢ్ నుంచి కరోల్ బాగ్‌కు, తన తిబ్బియా కాలేజీ దగ్గరికి తెచ్చుకున్నారు. ఖర్చుల్లో చాలా భాగం తన జేబులోంచే పెట్టారు. రోజంతా రోగులను చూసిన సంపాదన ఇటు జీతాలకు పోయేది. అదే ఏడాది ఆరోగ్యం కోసం యూరప్ వెళ్లినప్పుడు వియన్నాలో ముగ్గురు యువకులను కలిశారు. వాళ్లలో ఒకరు జర్మనీలో ఆర్థిక శాస్త్రం చదువుతున్న జాకిర్ హుస్సేన్. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన మన జాకిర్ హుస్సేన్, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే. మిగతా ఇద్దరు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్. చదువు పూర్తి చేసుకుని ముగ్గురూ 1926లో జామియాకు వచ్చేశారు. మంచి జీతాలు వదులుకుని పాత కాలేజీని ఎత్తి నిలబెట్టారు.

సంస్థను కాపాడాలంటే డబ్బు ఒక్కటే చాలదు, మనుషులను వెతికి తెచ్చుకోవాలి. ఈ సంగతి ఆయనకు తెలుసు. జామియాకు జాకిర్ హుస్సేన్ దొరికినట్టే తిబ్బియాకు ఇంకొకరు దొరికారు.

బొమ్మలు గీసే రసాయన శాస్త్రవేత్త

ఆ మనిషి పేరు సలీముజ్జమాన్ సిద్దిఖీ. జాకిర్ హుస్సేన్ పుట్టిన ఏడాదే, 1897లో, అవధ్‌లోని బారాబంకీ జిల్లాలో పుట్టారు. ఖిలాఫత్ నాయకుడు చౌధరీ ఖలీఖుజ్జమాన్‌కు తమ్ముడు. అలీగఢ్‌లో చదివింది తత్వశాస్త్రం, ఫార్సీ. బొగ్గుతో బొమ్మలు గీయడం సరదా. 1920లో డాక్టరు కావాలని లండన్ వెళ్లారు. ఏడాదికే మనసు రసాయన శాస్త్రం మీదికి మళ్లి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ తన బొమ్మలతో ప్రదర్శన కూడా పెట్టారు.

ఇలాంటి కుర్రాడిని చూసి స్థిరత్వం లేదని పెద్దవాళ్లు అనడం మామూలే. అజ్మల్ ఖాన్ అలా అనుకోలేదు. అతని చదువుకు ఆర్థికంగా ఆసరా ఇచ్చారు. చదువు ముగిశాక ఢిల్లీ వచ్చి యునాని, ఆయుర్వేద మూలికల్లో ఏముందో రసాయన శాస్త్రం పద్ధతిలో తేల్చాలి. అదే ఆ ఆసరా వెనక ఉన్న ఆలోచన. ఫార్సీ తెలిసినవాడికి పాత గ్రంథాల్లో ఏం రాశారో చదవడం వచ్చు. జర్మనీలో నేర్చుకున్నవాడికి వేరులోంచి అసలు పదార్థాన్ని విడదీయడం వచ్చు. రెండూ వచ్చినవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది దొరుకుతారు!

1927లో సిద్దిఖీ డాక్టరేట్ పూర్తయింది. అదే ఏడాది డిసెంబర్ 29న గుండె జబ్బుతో అజ్మల్ ఖాన్ కన్నుమూశారు. వయసు 59. ఢిల్లీలోనే ఖననం జరిగింది.

సర్పగంధ వేరు చెప్పిన సంగతి

పెద్దదిక్కు పోయినా అనుకున్న పని ఆగలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన సిద్దిఖీ తిబ్బియా కాలేజీలో పరిశోధన సంస్థను నిలబెట్టారు. దానికి మొదటి డైరెక్టర్ ఆయనే. పరిశోధనకు ఎంచుకున్న మూలికల్లో సర్పగంధ ఒకటి. హకీంలు అస్రోల్ అంటారు, ఉత్తరాదిలో ఛోటా చాంద్ అని కూడా పిలుస్తారు. పాము కాటుకు, నిద్ర పట్టనివాళ్లకు, మతిస్థిమితం తప్పినవాళ్లకు ఆ వేరు ఇచ్చేవాళ్లు. వాడకం పాతదే. అందులో పనిచేస్తున్నది ఏమిటో ఎవరికీ తెలియదు.

వేరు పొడి మొత్తం మందు కాదు. అందులో పిండి పదార్థం ఉంటుంది, పీచు ఉంటుంది, వాటి మధ్య ఎక్కడో కొద్దిపాటి ఆల్కలాయిడ్లు ఉంటాయి. వాటిని ద్రావకాలతో బయటికి లాగి, ఒకదాని నుంచి ఒకటి విడదీసి, స్ఫటికాలుగా కట్టించాలి. కిలోల కొద్దీ వేరు వాడితే చేతికి దొరికేది గ్రాముల్లోనే. 1931లో సిద్దిఖీ తన తోటి పరిశోధకుడు రఫత్ హుస్సేన్ సిద్దిఖీతో కలిసి ఫలితం ప్రకటించారు. సర్పగంధ వేరులోంచి తెల్లటి స్ఫటికాల వర్గం ఒకటి, పసుపు రంగు స్ఫటికాల వర్గం ఇంకొకటి బయటికి వచ్చాయి. పసుపు రంగు వాటికి మొక్క శాస్త్రీయ నామం మీద సర్పెంటీన్, సర్పెంటినీన్ అని పేర్లు పెట్టారు. తెల్లటి వాటికి తనను నిలబెట్టిన పెద్దాయన పేరు పెట్టారు. అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్.

అదే 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఇదే వేరు రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి గుండె డాక్టరు రుస్తం జల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. దాంతో ప్రపంచం కన్ను ఈ మొక్క మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అదే వేరులోంచి రిసర్పీన్‌ను విడదీశారు. కొన్నేళ్ల పాటు రక్తపోటుకు, మానసిక రోగాలకు అది పెద్ద మందుగా వాడుకలో ఉంది. గుండె లయ తప్పే జబ్బుల్లో అజ్మలీన్‌కు సొంత స్థానం దొరికింది.

ఈ వరుసలో ఒక చేదు నిజం కూడా ఉంది. తరాల అనుభవం మనది, మొదటి స్ఫటికాలు విడదీసింది కరోల్ బాగ్‌లో. కానీ దాన్ని ప్రపంచ మార్కెట్లో గొప్ప మందుగా నిలిపింది స్విస్ కంపెనీ. వాళ్ల దగ్గర రసాయన శాస్త్రవేత్త పక్కనే జంతువుల మీద పరీక్షించేవాడు ఉన్నాడు, వాడి పక్కనే డాక్టరు ఉన్నాడు, వెనకాల ఏళ్ల తరబడి ఆగకుండా వచ్చే డబ్బు ఉంది. ఢిల్లీలో ఆ గొలుసుకు మొదటి రెండు కడియాలు వేసిన మనిషి 1927లోనే పోయారు. సిద్దిఖీ 1940 దాకా తిబ్బియాలోనే పనిచేసి, తర్వాత ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలికి మారారు. వేపలోంచి నింబిన్ లాంటి పదార్థాలను విడదీసింది కూడా ఆయనే. దేశ విభజన తర్వాత కరాచీ వెళ్లి, అక్కడి యూనివర్సిటీలో రసాయన పరిశోధన సంస్థను పెంచారు.

హైదరాబాద్‌కు మిగిలిన పాఠం

తిబ్బియా కాలేజీలో పాత అరబీ గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చే పని చేసిన హకీం కబీరుద్దీన్ తర్వాత హైదరాబాద్ నిజామియా తిబ్బీ కాలేజీలో కూడా పనిచేశారు. ఆయన పుస్తకాలతో చదువుకున్న హకీంలు ఎందరో. చార్మినార్ పక్కన ఉన్న ఆ కాలేజీ దవాఖానాలో ఇప్పటికీ రోజూ రోగులు క్యూలో నిలబడతారు. ఎర్రగడ్డలోని పరిశోధన సంస్థలో బొల్లి లాంటి చర్మ వ్యాధుల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో తిబ్బియా కాలేజీకి అజ్మల్ ఖాన్ పేరే ఉంది. ఆయన జేబులోంచి నడిచిన జామియా ఇప్పుడు కేంద్ర విశ్వవిద్యాలయం. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం చదివినవాళ్లు ఒకే చోట పనిచేసే పరిశోధన కేంద్రం అక్కడ 2006 నుంచి ఉంది.

యునాని గురించి ఇప్పుడు రెండు రకాల మాటలు వినబడతాయి. ఒకరు అది పాతకాలపు నమ్మకం అని కొట్టిపారేస్తారు. ఇంకొకరు అందులో అన్నిటికీ మందు ఉందని, పరీక్షలు అక్కర్లేదని అంటారు. అజ్మల్ ఖాన్ ఈ రెండిటిలో ఏ గట్టున కూడా నిలబడలేదు. తన విద్య మీద ఆయనకు నమ్మకం ఉంది. అందుకే దాన్ని పరీక్షకు పెట్టడానికి భయపడలేదు. తన ఇంటి విద్యలోని మూలికలను తీసుకెళ్లి, జర్మనీలో చదివిన కుర్రాడి చేతిలో పెట్టి, అందులో ఏముందో తేల్చమన్నారు. ఏమీ లేదని తేలే అవకాశం కూడా ఉందని తెలిసే ఆ పని చేయించారు.

ఆయన చేసిన ఏర్పాటును విడదీసి చూస్తే పెద్ద రహస్యం ఏమీ లేదు. ఒక విద్యార్థి చదువుకు ఏళ్ల తరబడి ఆసరా. అతను తిరిగి వస్తే పనిచేయడానికి ఒక గది, పరికరాలు. పక్కనే మూలికలు తెలిసిన హకీం, వైద్యుడు. వీటన్నిటికీ చందా మీద ఆధారపడని ఆదాయం. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా అజ్మలీన్ పుట్టేది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌కు డబ్బు అందిన రోజుల్లో ఆ డబ్బుకు ఫలితం ఎప్పుడు వస్తుందో, వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఫలితం చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. మన నగరంలోని తిబ్బీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో అలాంటి ఆసరా కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఈ రోజు కూడా ఉన్నారు.